డొల్ల తలుపుకు బిగించిన గడియ

ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పబోయి మింగేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. మాట గొంతు దాకా వస్తుంది, అక్కడే ఆగిపోతుంది. దాన్ని అలా గొంతులో పెట్టుకునే ఇన్నేళ్లు అంగడి నడిపాను, పెళ్లిళ్లకు వెళ్లాను, పిల్లల్ని పెంచాను, నవ్వాను కూడా. నేనేదో మోస్తున్నానని ఎవరికీ అనుమానం రాలేదు. నాకు అన్నిటికంటే భయం వేసేది అందుకే. ఇంత బరువును ఇంత మామూలుగా దాచుకోగలిగిన మనిషి, ఇంకేం చేయడు?

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. పేరు రాయను. పేరు రాసే ధైర్యమే ఉంటే ఈ మాటలు వినవలసిన మనిషి దగ్గరికే పోయి చెప్పేవాణ్ణి.

ఆ మనిషి మా అక్క.

మాది ధర్మవరం. నాయన మగ్గం నేసేవాడు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఆమె ముఖం ఎంత గుర్తు చేసుకున్నా అక్క ముఖమే వస్తుంది. అక్క నాకంటే కొన్నేళ్లే పెద్దది. ఆ కొన్నేళ్లతోనే ఆమె నాకు తల్లయింది. నాకు తల దువ్వింది, సంగటి కలిపి పెట్టింది, జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. నన్ను బడికి పంపి తను మానేసింది. మానేసి, చీరలకు కుచ్చులు కట్టడం నేర్చుకుంది. పట్టుచీర మగ్గం దిగాక కొంగు చివర దారాలు విడిగా వేలాడుతుంటాయి కదా, వాటిని పాయలు తీసి, మెలిపెట్టి, ముడులు వేసి కుచ్చులుగా కట్టాలి. అక్క ఆ పని చేస్తుంటే వేళ్లను చూడటానికే పక్కింటి ఆడవాళ్లు వచ్చి కూర్చునేవారు. నాతో మాట్లాడుతూ, నా లెక్కల పుస్తకంలోకి తొంగి చూస్తూ ఉండేది, కింద వేళ్లు వాటంతట అవే ముడులు వేసుకుంటూ పోయేవి. నా చదువు ఆ ముడుల మీదే నడిచింది.

అక్కను పెనుకొండకు ఇచ్చారు. బావకు సొంత టెంపో ఉండేది. చుట్టుపక్కల పల్లెల్లో పట్టుగూళ్లు ఎత్తుకుని హిందూపురం మార్కెట్టుకు తోలేవాడు. కొన్నేళ్లకు ఆయన చెల్లెలినే నాకిచ్చి చేశారు. వాళ్ల ఆడపిల్ల మా ఇంటికి, మా ఆడపిల్ల వాళ్ల ఇంటికి. రెండు కుటుంబాలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయాయని పెద్దవాళ్లు సంబరపడ్డారు. అప్పటికి నేను హిందూపురంలో చిన్న హార్డ్‌వేర్ అంగడి పెట్టుకున్నాను. తలుపులు, బందులు, గడియలు, స్క్రూలు. ఇప్పటికీ అదే వ్యాపారం.

బావ తాగనప్పుడు మంచివాడు. ఇది ఆయన తరఫున చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నాను. కూతుర్ని భుజాన ఎక్కించుకుని పెనుకొండ బజారంతా తిప్పేవాడు. నా అంగడికి వచ్చాడంటే చేతిలో ఏదో ఒక తినే పొట్లం ఉండేది. తాగితే మాత్రం చెయ్యి లేచేది. అలాంటప్పుడు అక్క కూతుర్ని తీసుకుని పక్కింటి అవ్వ దగ్గరికి పోయి కూర్చునేది. ఆయన నిద్రపోయాక ఇంటికి వచ్చేది. మాకు తెలుసు. నాయనకు తెలుసు, నాకు తెలుసు, నా భార్యకూ తెలుసు. తెలిసినవాళ్లందరం ఒకరితో ఒకరం వేరే విషయాలు మాట్లాడుకునేవాళ్లం.

పాప కొంచెం పెద్దదయ్యాక ఒకరోజు అక్క ఫోన్ చేసింది.

"అబ్బీ, లోపలి రూముకు ఒక గడియ పెట్టిపోరా. గట్టిది. పాప ఇంక వీధిలోకి రానంటాండాది. అందరూ చూస్తారమ్మా, నేను రాను అని ఏడుస్తాండాది."

అంతకుమించి ఏమీ అడగలేదు. బావకు బుద్ధి చెప్పమనలేదు, మా ఇంట్లో చోటు ఇమ్మనలేదు. లోపల నుంచి వేసుకోవడానికి ఒక గడియ. నేను అమ్మే వస్తువు.

ఆ ఇల్లు అద్దె ఇల్లు. వీధి తలుపు మంచి కట్టెదే కానీ లోపలి రూములకు చవక తలుపులు బిగించారు. అవి మా అంగడి నుంచి పోయినవే కాబట్టి వాటి సంగతి నాకు బాగా తెలుసు. చూడటానికి నున్నగా, నిండుగా ఉంటాయి. లోపల ఏమీ ఉండదు. రెండు పక్కలా పలుచటి చెక్క రేకు, మధ్యలో తేనెపట్టులాగా అట్ట గూళ్లు, చుట్టూ అంచుకు మాత్రం సన్నటి కట్టె బద్ద. వేలితో తట్టి చూస్తే తెలిసిపోతుంది. అంచున గట్టి శబ్దం వస్తుంది, మధ్యలో డొల్ల శబ్దం వస్తుంది. అలాంటి తలుపుకు మామూలు స్క్రూలతో గడియ బిగిస్తే, ఆ స్క్రూ పట్టుకునేది అగ్గిపెట్టె అట్టంత మందం చెక్కను. చేత్తో లాగితే నిలుస్తుంది. భుజంతో తోస్తే రేకుతో సహా ఊడి వస్తుంది. గట్టిగా నిలవాలంటే తలుపుకు ఈ వైపు నుంచి ఆ వైపు దాకా రంధ్రం వేసి, పొడుగు బోల్టులు దూర్చి, అవతలి పక్క ఇనుప పట్టీ పెట్టి నట్లు బిగించాలి. అప్పుడు తోపు స్క్రూ మీద కాదు, తలుపు మొత్తం మీద పడుతుంది. ఇది పెద్ద విద్యేమీ కాదు. రోజూ గిరాకీలకు నేను చెప్పేదే.

కాబట్టి నాకు తెలియదనే మాట నా దగ్గర లేదు.

ఆ రోజు పొద్దున పెనుకొండ బస్సెక్కేటప్పుడు నా సంచిలో అన్నీ ఉన్నాయి. మందపాటి గడియ, పొడుగు బోల్టులు, ఇనుప పట్టీ, డ్రిల్లింగ్ మిషన్. సరైన పని చేయాలనే బయలుదేరాను. ఇది నేను గట్టిగా చెప్పగలను. బయలుదేరినప్పటి మనిషికీ, పని ముగించినప్పటి మనిషికీ మధ్య ఏం జరిగిందో మాత్రం ఇన్నేళ్లుగా తవ్వుకుంటూనే ఉన్నాను.

బస్సులో ఉండగా నా భార్య ఫోన్ చేసింది. అప్పుడు ఆమె కడుపుతో ఉంది. "మా అన్నకు కోపం తెప్పించే పనేం చేయొద్దు. నాకు పుట్టింటి తలుపు మూసుకుపోతాది" అంది. అంతే. ఆమె మీద తప్పు వేయడం లేదు. ఆమె భయం ఆమెది. గడియ వద్దని కూడా అనలేదు. ఆ మాట విని నేను ఏం చేశానన్నదే లెక్క.

ఇంట్లో అక్క తప్ప ఎవరూ లేరు. బావ టెంపో తీసుకుని పోయాడు, పాప బడికి పోయింది. తలుపును తట్టి చూశాను. గడియ ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గీత గీశాను. మిషన్ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. బోల్టులు దూరిస్తే అవతలి పక్క ఇనుప పట్టీ కనిపిస్తుంది. బావ ఇంటికి రాగానే కనిపించేది అదే. తన ఇంట్లో, తన గది తలుపుకు, తనను ఆపడానికి బామ్మర్ది వేసి పోయిన ఇనుప పట్టీ. ఊరుకుంటాడా? మా ఇంటి మీదికి వస్తాడు. చెల్లెల్ని తీసుకుపోతానంటాడు. అక్కను బయటికి పంపేస్తే అక్క ఎక్కడికి వస్తుంది? ధర్మవరంలో నాయన ఒక్కడు, మగ్గం గుంత పక్కన పడుకునే మనిషి. అంటే నా దగ్గరికే. పాపతో సహా, నా రెండు గదుల ఇంటికి.

ఈ చివరి ఆలోచనను నేను చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. అక్క మీద దెబ్బ పడకూడదని, గొడవ పెరగకూడదని అలా చేశానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నిజం అది కాదు. నన్ను పెంచిన మనిషి నా ఇంటికి వచ్చి ఉంటుందేమోనని భయపడ్డాను. ఆ గడియ మరీ గట్టిగా ఉండటం నాకు ఇష్టం లేదు.

బోల్టులు, పట్టీ సంచిలోనే ఉంచేశాను. చిన్న స్క్రూలు తీసి బిగించాను. మూడు నిమిషాల పని.

అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గడియను ఒకసారి వేసి చూసింది. తీసింది. మళ్లీ వేసింది. కొత్త గడియ కదా, నున్నగా జారుతోంది.

"గట్టిగుంటాదా అబ్బీ?"

"ఉంటాదిలేక్కా."

"తోస్తే?"

"ఎంత తోసినా కదల్దు. నేను పెట్టింది గదా."

ఆ చివరి మాట ఎందుకన్నాను? అది అనకపోయినా సరిపోయేది. ఆమె నమ్మింది గడియను కాదు, ఆ మాటను. నవ్వింది. "ఇంక పాప నెమ్మదిగా పండుకుంటాది" అంది. నాకు అన్నం పెట్టింది. వంకాయ కూర. నేను తిన్నాను.

ఇంతవరకే అయితే పిరికివాడి పని అని పక్కన పెట్టవచ్చు. తర్వాత చేసింది ఏమనాలో నాకు మాట దొరకదు.

కొద్దిరోజులకు బావ హిందూపురం మార్కెట్టులో గూళ్లు దించి నా అంగడికి వచ్చాడు. తాగలేదు. నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు మాత్రం నాకు నచ్చలేదు.

"ఏమప్పా బామ్మర్దీ, నా ఇంట్లో నాకే గడి పెట్టి పోయినావంట?"

నేను ఊరుకోవచ్చు. అవును బావా, పెట్టాను, నువ్వు తాగి రాకపోతే ఎవరూ వేసుకోరు అని అనవచ్చు. ఆయన అప్పుడు తాగి లేడు, వినేవాడేమో కూడా. నేను ఏమన్నానో వినండి.

"అట్లేం లేదు బావా. అక్క ఊరికే సతాయిస్తాంటే ఏదో పేరుకు పెట్టినా. ఆ తలుపు డొల్లది. చిన్న స్క్రూలే యేసినా. ఒక్క తోపు తోస్తే ఊడొస్తాది. మనసులో పెట్టుకోవద్దు."

ఆయన నా భుజం తట్టాడు. "నువ్వు మంచోనివప్పా" అన్నాడు. ఇద్దరం టీ తాగాం. ఆయన వెళ్లిపోయాక నాకు హాయిగా అనిపించింది. నిజంగానే. గొడవ తప్పిపోయిందని, తెలివిగా మాట్లాడానని అనుకున్నాను. ఆ హాయిని ఇప్పటికీ మరిచిపోలేను.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పక్కింటి అవ్వ మనవడు చేశాడు. అక్కను ఆసుపత్రికి తీసుకుపోతున్నారని.

జరిగింది తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. బావ పగలే తాగి వచ్చాడు. అన్నం దగ్గర ఏదో మాట వచ్చింది. ఇదివరకైతే అక్క పాపను తీసుకుని పక్కింటికి పోయేది. ఆ రోజు పోలేదు. గది ఉంది కదా, గడియ ఉంది కదా. పాపను లోపలికి తీసుకుపోయి గడియ వేసింది. పాపను మంచం మీద కూర్చోబెట్టి, తను తలుపు దగ్గరే నిలబడింది. నిలబడి, పెళ్లయ్యాక మొదటిసారి ఆయనకు ఎదురు మాట్లాడింది. ఇన్నేళ్లుగా అనాలనుకున్నవి తలుపు ఇవతల నుంచి అంది. పాప ఆ తర్వాత నాకు చెప్పింది, "అమ్మ ఆ దినం ఎంత ధైర్యంగా మాట్లాడిందో మామా" అని.

ఆయన తన్నాడు. ఒకే తన్ను. గడియ చెక్క రేకుతో సహా ఊడి వచ్చింది. తలుపు కొంచెం తెరుచుకోగానే అక్క దాన్ని మళ్లీ మూయాలని కుడి చేత్తో అంచు పట్టుకుని నెట్టింది. ఆయన రెండోసారి తన్నాడు. ఆ తలుపు వెనకాల ఇనుప బీరువా ఉంది. తలుపు అంచుకూ బీరువా మూలకూ మధ్య ఆమె వేళ్లు పడ్డాయి.

ఎముకలు అతికాయి. వేళ్లు మాత్రం వంగలేదు. మూడు వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. లోపలి నరాలు తెగిపోయాయన్నారు. ఇంకో ఆసుపత్రికి తీసుకుపోయాం, బెంగళూరుకూ తీసుకుపోయాం. వెన్నపూస వేడిచేసి రుద్దమని ఎవరో చెబితే అదీ చేశాం. కుచ్చులు కట్టే వేళ్లు కదలనే లేదు.

ఆసుపత్రిలో నన్ను చూడగానే అక్క ఏమందో చెప్పాలి. కట్టు కట్టిన చేతిని పొట్ట మీద పెట్టుకుని పడుకుని ఉంది. "నువ్వు పెట్టిన గడియ రవ్వంత సేపన్నా ఆపింది అబ్బీ. లేకుంటే ఆ మనిషి నన్ను సంపేసింటాడు" అంది. అక్కడున్న వాళ్లందరికీ చూపించి, మా తమ్ముడు, గడియ పెట్టిచ్చినాడు అంది.

నేను తల దించుకున్నాను. అందరూ దుఃఖమనుకున్నారు.

తర్వాత పెద్దమనుషుల్ని పిలిచి మాట్లాడారు. పెనుకొండలో, బావ చిన్నాన్న ఇంట్లో. నాయన వచ్చాడు, నేను వచ్చాను, అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. బావ తాగలేదు. ముఖం పీక్కుపోయి ఉంది. తప్పు చేశానన్నాడు. ఏడ్చాడు కూడా. ఏడుస్తూ ఏడుస్తూ నా వైపు చెయ్యి చూపించాడు.

"వాన్ని అడగండప్పా. గట్టిది కాదు, ఒక్క తోపుకు వస్తాదని వాడే నాకు చెప్పినాడు. ఊడొస్తే ఆమె బెదిరిపోతాది, అంతే అనుకున్యా. ఇట్లయితాదని నాకేం తెలుసు?"

అందరూ నా వైపు తిరిగారు. నాయన తిరిగాడు. అక్క కూడా చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. నేను ఏం చెబుతానా అని ఎదురు చూసింది, అంతే.

ఒక మాట చాలు. అవును, చెప్పాను అంటే చాలు.

"నేనెందుకట్లా చెప్తా బావా? మా అక్క రూముకు పెట్టిన గడియ గురించి నీకట్లా చెప్తానా?"

నా గొంతు వణకలేదు. అంత బాగా అబద్ధం ఆడగలనని అప్పటిదాకా నాకే తెలియదు. అక్క ఒక్కసారిగా లేచి నిలబడింది. "సాల్లే. నీ కాళ్లతో చేసింది మా తమ్ముని మీదికి తోస్తాండావా? ఇంత అబద్ధమాడే మనిషితో నేనింక ఉండలేను" అంది. కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. అలా ఆ కాపురం ముగిసింది.

ఆయన చేసిన పనికి అక్క వచ్చేయడం సరైనదే. ఆ మాట ఎవరినడిగినా చెబుతారు. కానీ ఆమె బయటికి నడిచింది ఆయన కాలు చూసి కాదు, ఆయన అబద్ధం చూసి. అది అబద్ధం కాదు. అంత నీచమైన పని చేసిన మనిషి నోటి నుంచి ఆ రోజు వచ్చిన ఒకే ఒక్క నిజం అది. దాన్ని నేను అబద్ధం చేశాను.

అక్క మా ఇంటికి రాలేదు. ఇది కూడా చెప్పాలి. నేను దేనికి భయపడి ఇదంతా చేశానో అది జరగనే లేదు. ఆమె నా ఇంటి వైపు చూడకుండా తిన్నగా ధర్మవరం నాయన దగ్గరికి పోయింది. "నీ పెండ్లాం ఒట్టి మనిషి కాదు, నేనొస్తే ఇబ్బంది" అంది. అడిగి ఉంటే ఆ రోజే ఈ మాటే చెప్పేదేమో. నేను అడగలేదు.

అక్క మళ్లీ కుచ్చుల పనిలోకే దిగింది, వేరే విధంగా. ఇరుగుపొరుగు ఆడపిల్లల్ని కూర్చోబెట్టి, ఎడమ చేత్తో చూపిస్తూ, నోటితో చెబుతూ వాళ్లతో కట్టిస్తుంది. ఆమె చెప్పినట్టు కట్టిన కుచ్చులకు మంచి పేరుంది. పాప చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది. చూసేవాళ్లకు అంతా సర్దుకున్నట్టే ఉంటుంది. కానీ కొత్తగా వచ్చిన పిల్ల ముడి తప్పు వేసినప్పుడు, అక్క కుడి చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు వస్తుంది. వచ్చి, చీర మీద అలా ఆగిపోతుంది. ఆమె దాన్ని మెల్లగా వెనక్కి తీసుకుని కొంగు కింద పెట్టుకుంటుంది. నేను చాలాసార్లు చూశాను. చూసినప్పుడల్లా లేచి బయటికి పోతాను.

నాయన పోయాక కూడా నేను తరచూ వెళ్తూనే ఉన్నాను. ఎందుకు వెళ్తున్నాను? ప్రేమతోనా, కాపలా కాసుకోవడానికా? ఆమెకు ఎవరైనా ఏమైనా చెప్పారేమోనని ముఖం చూసి తెలుసుకోవడానికా? రెండూ ఉంటాయనుకుంటాను. ఏది ఎంతో నాకు తెలియదు.

బావ ఒకసారి హిందూపురం బస్టాండులో ఎదురయ్యాడు. చాలా ముసలివాడైపోయాడు. తాగుడు మానేశాడని నా భార్య చెప్పింది. తప్పించుకుని పోదామనుకున్నాను, వీలు కాలేదు. ఆయన తిట్టలేదు. పాతది ఎత్తలేదు. "అక్క చెయ్యి ఎట్లుండాదప్పా?" అని అడిగాడు. నేను అట్లే ఉంది అన్నాను. ఆయన తల ఊపి బస్సు వైపు పోయాడు. ఈ లోకంలో నా సంగతి తెలిసిన ఒకే ఒక మనిషి ఆయన. ఆయన మాట ఎవరూ నమ్మరు. నమ్మకుండా చేసింది నేను.

అంగడిలో ఇప్పుడు నాకొక జబ్బు పట్టుకుంది. డొల్ల తలుపు కొన్న గిరాకీని ఊరికే పోనివ్వను. గడియ ఎక్కడ పెడుతున్నారు, ఎవరు పడుకునే గది, ఏ స్క్రూలు వాడుతున్నారు అని అడుగుతాను. తట్టి చూపిస్తాను. అవతలి పక్క పట్టీ పెట్టండి, నేనే ఇస్తాను తీసుకుపోండి అంటాను. కొందరు విసుక్కుంటారు. ఈయనకు పొద్దుపోదు అని నవ్వుకుంటారు. ఎన్ని తలుపులు గట్టిగా నిలబెడితే ఆ ఒక్క తలుపుకు సరిపోతుంది? సరిపోదని తెలిసే చేస్తున్నాను. మానలేను.

ఇక చివరిది. ఇది జరిగి ఎక్కువ రోజులు కాలేదు.

నాయన సంవత్సరీకానికి ధర్మవరం వెళ్లాను. బంధువులు వెళ్లిపోయారు. మరుసటి రోజు పొద్దున అక్కా, నేనూ వసారాలో కూర్చున్నాం. ఆమె ఎడమ చేత్తో వేరుశనగ కాయలు ఒలుస్తోంది. ఎండ మెల్లగా కాళ్ల దగ్గరికి వస్తోంది. ఎవరూ లేరు. చెప్పాలని ఆ రోజు నేనేమీ అనుకుని రాలేదు. మాట దానంతటదే బయటికి వచ్చింది.

"అక్కా, ఆ గడియకు నేను యేసింది చిన్న స్క్రూలు. అవి ఆ తలుపుకు నిలబడవు. బోల్టులు యేసింటే ఊడేది కాదు."

ఆమె ఒలవడం ఆపింది. నా వైపు తిరిగి నవ్వింది.

"ఇన్నేండ్లూ ఇది మనసులో పెట్టుకున్యావా? అప్పుడు నువ్వు సిన్నోనివి. అంగడి పెట్టి ఎన్ని దినాలని? తెలీక యేసింటావు. నువ్వేమన్నా కావాలని చేసినావా?"

అడిగింది. అది అడగడం కాదు, ఓదార్పు. అయినా ప్రశ్న ప్రశ్నే. దానికి జవాబు నా దగ్గర ఉంది. ఇన్నేళ్లుగా ఆ ఒక్క జవాబే నా దగ్గర ఉంది.

"లేదక్కా" అన్నాను.

"మరింకేం? ఊరికే కుమిలిపోవద్దు" అంటూ కుడి చెయ్యి ఎత్తి నా తల నిమిరింది. వంగని వేళ్లు నా జుట్టులో గట్టిగా తగిలాయి. నేను ఏడ్చాను. తప్పు ఒప్పుకున్నవాడి ఏడుపనుకుని ఆమె ఇంకా దగ్గరికి తీసుకుంది. చేయని తప్పుకు క్షమ దొరికింది నాకు. చేసిన తప్పు అలాగే ఉంది. సగం చెప్పి, ఆ సగాన్ని పొరపాటుగా మార్చి, ఆమె జాలిని కూడా దొంగిలించాను. హిందూపురం తిరిగి వచ్చే రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఏమీ చెప్పకపోయినా ఇంతకంటే బాగుండేది కదా అనుకున్నాను.

మరి ఇప్పుడైనా పోయి అంతా చెప్పవచ్చు కదా అని మీరు అడుగుతారు. నన్ను నేనూ అడుగుతున్నాను. చెబితే ఆమెకు ఏం మిగులుతుంది? అమ్మ లేదు, నాయన లేడు, మొగుడు అలాంటివాడు. తమ్ముడొక్కడు తన పక్కన నిలబడ్డాడన్న నమ్మకం ఒకటి ఉంది. దాన్ని కూడా తీసేసుకోవాలా? ఇలా అనుకోగానే మనసుకు కొంచెం ఊరటగా ఉంటుంది. వెంటనే అనుమానం వస్తుంది. ఇది ఆమె మీద దయా, నా మీద నాకున్న దయా? ఆ రోజు తలుపు ముందు నిలబడి గొడవ పెరగకూడదని చెప్పుకున్నవాణ్ణి నేనే కదా. నా మంచి కారణాల్ని నేను నమ్మను.

ఆమెకు చెబుతానో లేదో తెలియదు. చెబుతానని మాట ఇవ్వను, నా మాట ఎలాంటిదో మీరు చూశారు. మీరు నన్ను క్షమించమని కూడా అడగను. అది మీ చేతుల్లో లేదు.

అక్క అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. అవును, కావాలనే చేశాను. తలుపు డొల్లదని తెలుసు, స్క్రూలు నిలవవని తెలుసు, తెలిసే గట్టిగా ఉంటుందన్నాను. ఊడి వస్తుందని బావకు చెప్పింది నేనే. ఆయన ఆ నిజం పదిమందిలో చెప్పినప్పుడు కాదన్నది నేనే.

ఇది మొత్తంగా, ఏదీ వదలకుండా, బయటికి చెప్పడం ఇదే మొదటిసారి. రాసి ఒకసారి చదువుకున్నాను. ఒక్క మాట కూడా మార్చాలనిపించలేదు. గుండెల్లో బరువు ఉన్న చోటే ఉంది. గొంతులో అడ్డంగా ఉన్నది మాత్రం ఇప్పుడు లేదు.